మచ్చు

కెజియా చీలమండ వాచిందన్న కబురు
బ్రాడీపేట నాలుగో లైనుకి
పాలవ్యాను కంటే ముందొచ్చింది.
జిరాక్సు మిషను వేడెక్కకుండానే
షట్టరు సగానికి దించి
కోటిరత్నం బండి దగ్గరికి పోయాను.
అప్పటికే అక్కడ సభ తీరింది.

ఎల్లుండి బెజవాడ వాళ్లతో ఆట.
మన అమ్మాయిల జట్టులో పొడుగువాళ్లకి కొదవ లేదు,
రింగు కింద నిలబడితే తాటితోపే.
బంతిని ఆ తోపుదాకా మోసేదెవరన్నదే పేచీ.

"షాహీనుందిగా" అన్నాడు ప్రభుదాసు.
ముప్పయ్యేళ్లు రైళ్లలో తిరిగినవాడు,
నడక చూసి టిక్కెట్టుందో లేదో చెప్పగలడు.
"ఆ పిల్ల పరిగెడితే బంతే రొప్పుతుంది."

"పరిగెడుతుంది సరే, ఎడమ చెయ్యేదీ?
ఇంట్లో పెట్టి తాళమేసి వస్తుంది.
కుడివైపు ఒకళ్లు అడ్డం నిలబడితే
బండి మళ్లీ షెడ్డుకే."
ఈ మాట నాదే. కొంచెం గర్వంగానే అన్నాను.

పోనీ, షాహీను అలిసిపోతే?
ఫౌళ్లు నిండి కూర్చుంటే?
ఆ తర్వాత?
అందరం టీ గ్లాసుల్లోకి చూశాం.

మస్తాన్ వలీ అప్పటిదాకా నోరు విప్పలేదు.
మిర్చియార్డులో గుమాస్తా,
గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ పోని ఎరుపు.
అతను పక్కన కూర్చుంటే మేం తుమ్ముతాం,
ఎందుకో అతనికి తెలీదు.

"టిక్కీ మూతి విప్పగానే
పైన మెరిసే కాయకి ధర కట్టేవాడు
రెండు సీజన్లలో కొట్టు మూసుకుంటాడు.
మచ్చు తియ్యాలంటే మోచేతిదాకా చెయ్యి పెట్టాలి.
తాలుందా, తేముందా,
అడుగు కాయే చెబుతుంది.
మన గార్డుల బస్తాలో చెయ్యి ఎంతదాకా పోతుంది?
మణికట్టు. అంతే."

ఎవరికీ నచ్చలేదు. కాదనడానికీ ఏమీ దొరకలేదు.

త్రివేణిని వెనక్కి లాగి బంతి ఇస్తే సరన్నాడు ప్రభుదాసు.
ఆరడుగుల పిల్ల,
నేలమీద బంతిని వంగి వెతుక్కోవాలన్నాన్నేను.
గొంతులు లేచాయి.
ఎవరో నా టీ తాగేశారు.

పునుగులు తిరగేస్తూ కోటిరత్నం అంది:
"మూడో పిల్లుందిగా, భ్రమరాంబ."
"ఎవరూ?"
"వినుకొండ పిల్ల. రోజూ ఒక ప్లేటు, చట్నీ వద్దంటది.
మీ ఆట నాకు తెలవదు గానీ
చిల్లర చూడకుండా గుప్పిట్లోంచి తీసిస్తది,
ఒక్కనాడూ రూపాయి తగ్గలా."
గరిటె చూపించిన వైపు,
బల్ల చివర, ఒళ్లో సంచితో
ఎంతసేపట్నించి కూర్చుందో ఆ పిల్ల.

మేం నలుగురం ఒక్కసారిగా
మూకుట్లో నూనె ఎంత కాగిందో పరిశీలించాం.

"అన్నా, ఆ నీళ్ల జగ్గు ఇటివ్వండి" అంది.
తాగింది. వెళ్లిపోయింది.

ఆటనాడు సిమెంటు కోర్టు పెనంలా ఉంది.
మూడో క్వార్టరులో షాహీనుకి నాలుగో ఫౌలు.
కోచ్ బెంచీ వైపు తిరిగాడు,
భుజాలు జారే బనీను లోపలికి దోపుకుంటూ
లేచింది భ్రమరాంబ.

మొదటిసారి బంతి లాగేసుకున్నారు.
ప్రభుదాసు కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు.
రెండోసారి కుడివైపు ఇద్దరు అడ్డమొచ్చారు.
చూడలేదు, ఆగలేదు,
చిల్లర చేతులు మార్చినట్టు
బంతి ఎడమ చేతికి వెళ్లిపోయింది.
గీత దాటించింది, త్రివేణికి ఇచ్చింది,
పక్కకి జరిగి నిలబడింది.
మళ్లీ అంతే. మళ్లీ.
ఆరు నిమిషాలు.

మస్తాన్ వలీ చొక్కా చెయ్యి
మోచేతి పైకి మడుచుకున్నాడు.
ఎండకే అయ్యుండొచ్చు.

మూడు పాయింట్లతో ఓడిపోయాం.

మర్నాడు కోచ్ స్కోరు షీటు తెచ్చాడు, కాపీలకి.
కెజియా పేరు మీద అడ్డగీత,
షాహీనుకి ఎనిమిది, త్రివేణికి పంతొమ్మిది.
భ్రమరాంబ వరసలో ఒక్క అంకె లేదు.
అద్దం కింద వెలుగు ఇటునుంచి అటు పోయింది,
ఖాళీ గడులు ఖాళీగానే దిగాయి.

రెండు కాపీలు అడిగాడు.
నేను మూడు తీశాను.