కూచోవడం నేర్చుకున్న వారం

శుక్రవారం, ఫర్వానియాలో షరీఫున్ గది.
మొదటి పాఠం కుర్చీ.
ఇనుప మడత కుర్చీ, ఒక కాలు పొట్టి,
దాని కింద మడిచిపెట్టిన అట్టముక్క.
"కూచో ఓబులమ్మా" అనింది.
కూచున్నా.
"అంచు మీద పిట్ట మాదిరి కాదే.
వీపు ఆనించు. కుర్చీ నిన్నేం కరవదు."

పదకొండేండ్లుగా దివానియాలో
ఇరవై నాలుగు కుర్చీలు దినామూ తుడిచినా.
ఏ కాలి సందులో దుమ్ము దాక్కుంటుందో నాకెరుక.
నేను కూచునింది మాత్రం వంటింట్లో
బోర్లించిన నూనె డబ్బా మీద,
అదీ పిలుపు వచ్చేదాకా.

షరీఫున్‌ది రాయచోటి, నోరు కుట్టుమిషను.
మూడు ఇంటర్వ్యూలకు పోయి రెండింట్లో తప్పి
ఇప్పుడు అబాయాల అంగట్లో ఉంది.
తప్పిన ఆ రెండే తనకు గురువులంటుంది.

"కండ్లలోకి చూడాల."
ఎవరి కండ్లలోకి?
ఆ ఇంట్లో నాకు బాగా తెలిసినవి కాళ్లు.
మామ చెప్పులకు వెండి పట్టీ,
బాబా మడమకు పగులు,
చిన్నోడు కుడిది ఎడమకు తొడుగుతాడు.
మొహాలను తేరిపార చూసింది
ఫోటోల మీద దుమ్ము తుడిచేటప్పుడే.

"గొంతు వినపడాల."
వినపడకుండా నడవడానికే
నాకు రెండేండ్లు పట్టింది షరీఫున్.

"నీ గురించి చెప్పమంటారు, ఏం చెప్తావ్?"
"ఏమీ లేదని చెప్తా."
నెత్తి కొట్టుకుని,
చీటీల లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసింది:
నలుగురు పిల్లల్ని పెంచింది.
ఒకరికి కామెర్లు, ఒకరికి విరిగిన మోచెయ్యి,
రాత్రి జ్వరాలకు లెక్క లేదు.
అరబ్బీ వచ్చు, పిల్లలు మాట్లాడేంత.
"ఇదంతా అనుభవమేనా?"
"మరి ఇన్నాళ్లూ ఏమనుకున్నావే?"

నేను బస్సెక్కేటప్పుడు వెనక నుంచి అరిచింది:
"టీ ఇస్తే తాగు.
కప్పు కడగడానికి మాత్రం లేవొద్దు!"

బుధవారం, సాల్మియా, చిన్నపిల్లల బడి.
మామ విడుదల కాగితం మీద సంతకం పెట్టింది,
పెట్టి రెండు దినాలు నాతో మాట్లాడలేదు.
గంట ముందే చేరి, ఎండకు తాళలేక
మందుల షాపు ఏసీ కింద నిలబడి
టూత్‌పేస్టుల ధరలన్నీ చదివినా.

"తఫద్దలీ" అనింది మేనేజరమ్మ, పేరు నవాల్.
చూస్తే
గదిలో ఉన్నవన్నీ మూడేండ్ల పిల్లల కుర్చీలు,
పసుపు రంగువి, నా మోకాలెత్తు లేవు.
ఆమె కూడా అట్లాంటి దాంట్లోనే ఇరుక్కుని ఉంది,
మోకాళ్లు గడ్డానికి తగులుతా.
నేర్చుకున్నదంతా యాడికి పోయిందో!
ఆనించడానికి వీపంత చోటే లేదు.
నవ్వొచ్చింది.
ఆమె కండ్లలోకి చూసే నవ్వినా.

పిల్లోడు కరిస్తే ఏం చేస్తావని అడిగింది.
"ఎందుకు కరిచినాడో చూస్తా.
పండ్లు వస్తా ఉంటే
తడిపి చల్లబెట్టిన గుడ్డ ఇస్తా."
రాసుకుంది.
టీ వచ్చింది. తాగినా. కప్పు కింద పెట్టినా.
చేతులు వాటంతటవే లేచినాయి.
వాటిని ఒళ్లో కూచోబెట్టినా.

"నువ్వేమన్నా అడుగుతావా?"
షరీఫున్ నేర్పింది జీతం, సెలవులు, బస్సు.
నా నోట వచ్చింది వేరే:
"ఇక్కడ నన్ను ఏమని పిలుస్తారు?"
ఆ ఇంట్లో నాకు ముందు పని చేసినామె మేరీ.
ఆమె వెళ్లిపోయింది, పేరు ఉండిపోయింది.
ఆమె ఏప్రాన్‌తో పాటు దాన్నీ నాకు తొడిగినారు.
నవాల్ పెన్ను ఆపింది.
నా పేరు మూడుసార్లు పలికించుకుని
అరబ్బీలో రాసి చూపించింది.
నాకు చదవడం రాదు,
అయినా సరిచూసినట్టు తలూపినా.

ఆదివారం ఫోన్ చేస్తామన్నారు.
లేవబోతే మోకాళ్లు పట్టేసినాయి.
గోడ పట్టుకుని
పసుపు కుర్చీని వెంటేసుకునే సగం లేచినా.
నవాల్ నవ్వాపుకుంటా చెయ్యి అందించింది.

లేవడం మాత్రం
షరీఫున్ నేర్పలేదు.