ఎర్తు తీగ

అరెసీబోలో, ఉప్పుగాలికి
టెర్మినళ్ల మీద తెల్లబూజు పూసే వీధిలో
ఇరవై ఆరేళ్లుగా బ్యాటరీలు అమ్ముతున్నాను.
నా ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి ఉంటుంది.
అది మోసిన బరువు, అంతే,
దాని వెనక కథేమీ లేదు.

శనివారం షట్టరు సగం దించాక
వచ్చాడు ఎలియెసెర్, బేకరీలో పిండి కలిపే కుర్రాడు.
ఎండకి వెలిసిన నీలం కరోలా.
వెనక సీటు పీకేసి పదహారు బాకాలు,
డోలంత స్పీకర్లు నాలుగు.
మనిషికి మిగిలింది ఒకే ఒక్క చోటు,
అదీ బండి ఎవరో ఒకరు నడపాలి గనక.

"ఉన్నవాట్లో పెద్దది ఇవ్వండి, దోన్యా నెరెయిదా."
రబ్బరు బ్యాండు చుట్టిన నోట్లు కౌంటరు మీద పెట్టాడు.
నోట్ల మడతల్లో ఇంకా పిండి.

పెద్దదంటే?
డబ్బా పెద్దదా, దాని మీద అంకె పెద్దదా,
నీ స్నేహితులు చూసి నోరెళ్లబెట్టేంత పెద్దదా?

ఇదిగో, ఈ ఎర్రమూతది
పందెపు ఎద్దు.
తాళం తిప్పగానే ఒక్క ఉరుకు,
చలికి గడ్డకట్టిన ఇంజన్నైనా లేపుతుంది.
మన ఊళ్లో చలెక్కడిది?
ఆ మూలది కాడెద్దు.
ఉరకదు. పొద్దుగూకేదాకా నడుస్తుంది.
ఇంజను ఆపేసి ఎన్ని గంటలు వాయిస్తావు?

"నాలుగు... ఒక్కోసారి తెల్లారేదాకా."

వాళ్లమ్మకి తెలుసా అని అడగలేదు.
నేను అమ్మేది బ్యాటరీలు.

బానెట్ ఎత్తమన్నాను, పాట పెట్టమన్నాను.
దూడ పొదుగును కుమ్మినట్టు కుమ్మింది బేసు.
కుమ్మిన ప్రతిసారీ
హెడ్‌లైట్లు రెండూ కళ్లు మూసి తెరిచాయి.
షాపు గాజుపలక గొణిగింది.
ఎదురింటి పిల్లి గోడ దిగిపోయింది.

మీటరు పెట్టాను.
బ్యాటరీ దగ్గర పన్నెండు దాటి ఉంది,
ముసలిదే, అయినా పళ్లబిగువున నిలబడింది.
డిక్కీలో, ఆంప్ దగ్గర
పదిన్నర.

మధ్యలో ఎవరో తింటున్నారు.

డిక్కీలోకి తలకిందులుగా దూరి
వేలితో తడుముకుంటూ పోయాను.
దొరికింది.
చిటికెన వేలంత కూడా లేని నల్ల తీగ,
దాని చివర బోల్టు,
బోల్టు కింద, గీకకుండా వదిలేసిన
నీలం పెయింటు.

ఎవరు బిగించారు?
వాడు నేల చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.
"నేనే."

బాబూ, కరెంటుకి వెళ్లే దారి అందరూ వేస్తారు,
తిరిగొచ్చే దారి మీదే ఎవరికీ మనసుండదు.
రంగు మీద బిగించిన ఎర్తు
గొళ్లెం పెట్టిన తలుపు.
నువ్వు ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా
ఆ తలుపు బయటే నిలబడి అరుస్తుంది.

గరుకు కాగితం ఇచ్చాను.
ఇనుము తెల్లగా మెరిసేదాకా వాడిచేతే గీకించాను.
బొటనవేలంత తీగ ఆరడుగులు కోశాను.
కాడెద్దుని ఇచ్చాను, మధ్యరకంది.
నోట్లలో సగానికి పైగా వెనక్కి నెట్టాను.

వాడి ముఖం చూడాలి!
తిరణాలకి ఏనుగు చూద్దామని పోయి
మేకని చూసి వచ్చినవాడిలా.
"అంతేనా?"
అంతే.

మా ఆయన ఉండి ఉంటే
పెద్దదే అమ్మేవాడు. రసీదు కూడా నవ్వుతూ రాసేవాడు.

రాత్రి రెండయింది.
సముద్రం ఒడ్డు నుంచి మా గుట్ట దాకా
పాట వస్తోంది.
ఎక్కడా వణకడం లేదు, ఎక్కడా కుంగడం లేదు.
బేసు పడ్డచోట గట్టిగా పడుతోంది.
గిన్నెల అరలో చెంచాలు
వరసగా బదులు చెబుతున్నాయి.

పక్కింటి ఒతిలియా కిటికీ తెరిచి
ఆ వెధవకి బ్యాటరీ అమ్మినవాడి వంశం
నాశనం కావాలని తిట్టింది.

దిండు చెవికి అడ్డం పెట్టుకుని
మనసులో లెక్కవేశాను,
పన్నెండు పాయింట్ నాలుగు.
ఇంకా నాలుగు గంటలు వస్తుంది.