పదును

జూన్ నెల తారీఖులన్నీ పెన్సిల్‌తోనే రాసుకున్నాను.
పెన్నుతో రాసే ధైర్యం
మా సెక్షన్లో ఎవరికీ లేదు.

మొదటి ఆదివారాన్ని బ్యాంకు పరీక్ష పట్టుకుపోయింది.
నాలుగోదానికి కంప్యూటర్లు ఖాళీ, కరెంటు లేదు,
సబ్‌స్టేషన్ మరమ్మతని కాగితం వచ్చింది.
గూగూడులో పీర్లు లేచే దినాలు వదిలేయాలి,
అనంతపురం డిపో బస్సులన్నీ అటే పోతాయి.
డిగ్రీ ఆఖరి సెమిస్టర్ ఎప్పుడు ముగుస్తుందో
ముగించాల్సిన వాళ్ళకే తెలీదు.
న్యాయానికి కళ్ళగంతలంటారు గానీ
లా ఎంట్రెన్సుకి తేదీ పెట్టేవాడికి
వీపున కూడా కళ్ళుండాలి.

మిగిలింది ఒక్కటే, రెండో ఆదివారం.
సున్నా చుట్టబోతుంటే
టీ గ్లాసులు తీసుకెళ్తూ అటెండర్ వన్నూరప్ప ఆగాడు.
"సార్, అది మృగశిర.
వానొస్తే ఎవురొస్తారు? ఇత్తనం ఏసుకోవద్దా?"
నవ్వాను.
ఐదేళ్ళుగా మృగశిర
రిజిస్టర్లో సంతకం పెట్టి ఇంటికి పోతోంది,
పనిలోకి ఎప్పుడు దిగింది గనక!
వన్నూరప్ప నవ్వలేదు.
ఫైలు పైకి పోయింది, సంతకాలతో కిందికి వచ్చింది.
పేపర్లో వేశారు.

తర్వాత ఫోన్లు.
హాల్ టికెట్ మీద ఫొటో తనది కాదని ఒకడు,
తనదేగానీ బాగలేదని ఇంకొకడు.
ఓ మధ్యాహ్నం కూడేరు దగ్గర్నుంచి ఒకామె.
"దస్తగిరమ్మ సార్. నాకు ముప్పై ఎనిమిది.
పరీక్ష రాయనిస్తారా?"
వయసు అడ్డం లేదమ్మా అన్నాను.
"డిగ్రీ దూరవిద్యలో పాసైనా.
మా చేని కేసు పదకొండేండ్లుగా వాయిదాలే.
వకీలు మారినప్పుడల్లా మళ్ళా మొదట్నుంచీ చెప్పాల.
చెప్పీ చెప్పీ నాకే కంఠతా వచ్చింది,
నేనే చదివితే పోలా అనిపించింది.
మధ్యాన్నం షిఫ్టు ఇప్పించు సార్,
పొద్దున పాలు పోసి రావాల."
అది సాఫ్ట్‌వేర్ వేస్తుంది, నా చేతుల్లో లేదన్నాను.
"మరి మీ చేతుల్లో ఏముంటాది సార్?"
కోపంగా కాదు.
తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

శనివారం రాత్రి రెండు దాటాక
రేకుల మీద మొదటి చినుకు.
పడక మీదే లెక్క పెట్టుకున్నాను:
జనరేటర్, డీజిల్, కూడేరు దోవలో వంక,
వంక మీద అప్రోచ్ లేని కల్వర్టు.
కిటికీలోంచి మట్టి వాసన వస్తోంది,
ఐదేళ్ళుగా దీనికోసమే చూశాం గదా,
నాకేమో గుండె దడ.

తెల్లారి సెంటర్‌కి పోతుంటే
రోడ్డుకి రెండు పక్కలా ట్రాక్టర్లు, గొర్లు, ఎద్దులు,
తలగుడ్డలు, చద్దిమూటలు.
నిన్నటిదాకా ఎర్రగా ఎండి పగిలిన నేల
నల్లగా తడిసి మెరుస్తోంది.
అంత జనాన్ని పొలాల్లో చూసి ఎన్నాళ్ళయిందో!
సెంటర్లో మాత్రం
రెండు వందల నలభై కుర్చీలకు తొంభై ఏడుగురు.

రెండో షిఫ్టు గేటు మూసే వేళకు
ఆటో దిగి పరుగున వచ్చిందొకామె.
చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా బురద.
వేలిముద్ర మిషన్ ఒప్పుకోలేదు.
చెనిక్కాయ ఇత్తనాలకు పట్టించిన మందు
వేళ్ళ నిండా గులాబీ రంగు.
మళ్ళీ పెట్టండి, అంది మిషన్.
మళ్ళీ పెట్టండి.
వన్నూరప్ప భుజం మీది తువ్వాలు తడిపి ఇచ్చాడు.
ఆమె ఒక్కో వేలూ తుడుచుకుంటూ
నా గొంతు గుర్తుపట్టిందో ఏమో, నాతోనే అంది:
"సగం చేను ఇత్తి వచ్చినా సార్.
మిగతాది రేపు.
పదును రెండు దినాలుంటాది."
నాలుగోసారికి పచ్చదీపం వెలిగింది.

ఆమె ఎలా రాసిందో నాకు తెలీదు,
తెలియకూడదు కూడా.

సాయంత్రం రిపోర్టు నింపాను.
మొదటి షిఫ్టు గైర్హాజరు: నూట నలభై మూడు.
కారణానికి మా ఫారంలో గడి లేదు.
పక్కన కాస్త ఖాళీ ఉంటే అక్కడ రాశాను,
పెన్నుతోనే:
వాన.