మెతక

బొమ్మనహళ్ళి, నాలుగో అంతస్తు,
తెలుగు డెస్కులో పదకొండో కుర్చీ నాది.
నెలాఖరున నా పేరు పక్కన
ప్రభంజన్ సారు ఒక్క మాట రాశాడు.
కుప్పం వాడు కదా, తెలుగులోనే రాశాడు:
మెతక.

తిట్టు కాదు.
తిట్టయితే తిరిగి తిట్టొచ్చు.

దూది మెత్తన, దిండు మెత్తన,
వాన వెలిసిన రోజు చేలో మన్ను మెత్తన.
దిండుని మెతక అన్నవాళ్ళని నేను చూళ్ళేదు.
మెత్తనిదాని మీద తల పెట్టుకుంటారు,
మెతకదాని మీద కాలు.
మా నాన్నని ఊరంతా ఆ మాటే అనేది
అప్పడిగి తీసుకెళ్తూ.

జరిగింది ఇంతే.
పీరాంబీ, కదిరి, కుట్టుమిషను లోను,
మూడు కంతులు బాకీ.
ఫోను ఎత్తి, పక్కన పెట్టి,
ఎవరితోనో అంటోంది:
"చంక కింద అరంగుళం వదులు పెట్టినాలే,
బిడ్డకు పాలిస్తుండావు గదా."
నేను ఆగాను.
నలభై సెకన్లు, రికార్డింగులో ఉంది.
ఆగినందుకు మార్కులు కోస్తారు.
ఆ తర్వాత నేనన్నది కూడా ఉంది:
"సోమవారం చేస్తాలే అక్కా."
అక్కా అనకూడదు.

కింద దర్శినిలో నిలబడి టిఫిను.
"మెత్తగిదె, తిన్ని మేడం,"
ఇడ్లీ ప్లేటు తోశాడు కుర్రాడు.
కన్నడంలో ఆ మాటకి
ఇంకా ఆవిరి పోలేదు.

టోకెను వెనక రాసి చూశాను, మెతక.
పలక మీద దిద్దినట్టు
తకు కొమ్మిస్తే తు,
కకు కొమ్మిస్తే కు.
మెతుకు.
రెండు కొమ్ములే తేడా.
అవి మొలిస్తే అన్నం,
మొలవకపోతే మా నాన్న.

సోమవారం కొమ్ములు పెట్టుకునే వెళ్ళాను.
పేరు, లోను నంబరు, బాకీ, గడువు,
లీగల్ నోటీసు అనే మాట రెండుసార్లు,
పొల్లు పోకుండా చదివాను.
అవతల మిషను ఆగింది.
ఎంతసేపో, ఈసారి లెక్కపెట్టలేదు.

"గొంతు అట్లుందేం అమ్మీ," అంది పీరాంబీ.
"తిన్న్యావా?"

అదీ రికార్డయింది.
శుక్రవారం దాకా వెతికాను,
మార్కుల కాగితంలో
దానికి గడి లేదు.