చేతి చమురు

డులూత్‌లో జనవరి. డీలర్‌షిప్ వెయిటింగ్ హాల్లో
కాఫీ ఉచితం, అందుకే రెండు కప్పులు తాగాను.
కోల్టన్ అనే కుర్రాడు, గడ్డం ఇంకా సరిగ్గా మొలవనివాడు,
టాబ్లెట్ నా వైపు తిప్పి
"మిసెస్ హౌగెన్, లక్షా ఇరవై వేల మైళ్ల ప్యాకేజీ" అన్నాడు.
పదకొండు వరసలు. పక్కన పచ్చ, పసుపు, ఎర్ర చుక్కలు.
అడుగున పద్దెనిమిది వందల నలభై డాలర్లు.

నేను వచ్చింది ఆయిల్ మార్చడానికి.

బడి వంటగదిలో నా గంట పంతొమ్మిది డాలర్లు.
ఇక్కడి గంట నూట తొంభై, గోడ మీద బోర్డు చెబుతోంది.
అంటే ఈ షెడ్డులో ఒక చెయ్యి గంటసేపు కదిలితే
నేను పది గంటలు బంగాళాదుంపల తొక్క తీయాలి.
గంటకో బస్తా. ఆ లెక్కతోనే చదవడం మొదలుపెట్టాను.

వైపర్లు: మూడు బస్తాలు. వద్దు.
నా కత్తులకు సాన నేనే పెట్టుకుంటాను, ఇవెంత.
ఇంజెక్టర్ల శుద్ధి: తొమ్మిది బస్తాలు. ఎందుకని అడిగితే
"చాలామంది చేయించుకుంటారండీ" అన్నాడు.
ఆ చాలామందితో నాకు పరిచయం లేదు. వద్దు.
బ్యాటరీ కొసలు తుడవడానికి ఇంట్లో సోడా ఉప్పుంది, పాత పళ్ల బ్రష్షుంది.
గోరుతో పోయేదానికి గొడ్డలి కిరాయికి తెచ్చుకోను.

బ్రేక్ ఆయిల్ దగ్గర వేలు ఆగింది.
మా వీధి తిన్నగా సరస్సులోకి దిగుతుంది.
పొద్దున ఐదింటికి, మంచు గాజైపోయిన వాలు మీద
కాలి కింద పెడల్ మెత్తబడిన ఒక్క క్షణం
నా మోకాళ్లలో ఇంకా ఉంది.
అక్కడ బస్తాలు లెక్కపెట్టలేదు.
గేర్‌బాక్స్ ఆయిల్‌కీ సరే అన్నాను. కారు కింద దూరే వయసు దాటింది,
పైగా మా పార్కింగ్‌లో చుక్క ఒలికినా నోటీసు వస్తుంది.

మిగిలింది క్యాబిన్ ఫిల్టర్. ఎనభై నాలుగు డాలర్లు. ఎర్ర చుక్క.
కారేమో ఇంకా బయటే ఉంది, తాళం నా కోటు జేబులో.
"కిందటి నవంబర్లో మార్చారుగా?"
బిల్లు కూడా సంచిలోనే ఉంది, నేను బిల్లులు పారేసే మనిషిని కాను.
"ఉప్పు చల్లిన రోడ్లండీ, తొందరగా మురికి పడుతుంది."

బయటికి నడిచాను. మైనస్ ఇరవై రెండు.
గ్లవ్ బాక్స్‌కి రెండే క్లిప్పులు.
కొండ తవ్వలేదు, అయినా ఎలుక దొరికింది.
ఎలుక కాదు, దాని కాపురం: మేపుల్ ఆకులు, సీటు దూది,
మధ్యలో ఎర్రటి ఉన్ని పోగులు,
రెండేళ్ల కిందట పోయిన నా చేతి తొడుగువి.
గిన్నెలు కడిగే లోరెట్టా తీసిందనుకున్నాను అప్పట్లో.
ఇప్పటికీ ఆమెతో ముక్తసరిగానే మాట్లాడతాను.

ఫిల్టర్ అంచున ముద్ర: కారు పుట్టిన సంవత్సరం.

ఆకులతో సహా తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.
హాల్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు.
కోల్టన్ చెవులు కందిపోయాయి. నవంబర్లో తను ఇక్కడ లేడట.
నమ్మాను.
మేనేజరు వచ్చి ఎనభై నాలుగూ వెనక్కిచ్చాడు,
వైపర్లు కూడా ఉచితమన్నాడు. వద్దన్నాను.

మరి బ్రేకులో?
మార్చకుండా మార్చామన్న చేతులకు
ఆ వాలును ఎలా అప్పగించను?
ఊళ్లో ఇంకో షెడ్డుంది, మూడు వారాల దాకా ఖాళీ లేదు.
మూడు వారాలంటే ఇరవై ఒక్క పొద్దులు.

"పాతది సీసాలో పట్టి తీసుకురా బాబూ" అన్నాను, "కళ్లతో చూస్తాను."
గంటన్నరకి తెచ్చాడు, ఊరగాయ సీసాలో,
రెండు చేతులతో పట్టుకుని.
మాడిన పాకం రంగు. కాసేపు వెలుతురుకి పట్టి చూశాం, ఇద్దరం.
డబ్బు కట్టాను.
చేతి చమురు వదిలింది, ఈసారి సీసాలో కనబడుతూ.

ఇంటికి దిగేటప్పుడు పెడల్ గట్టిగా నిలిచింది.
ఎర్ర పోగులు జేబులో ఉన్నాయి.
సోమవారం లోరెట్టాకి చూపించాలి,
ఏమని చూపించాలో.