కమ్మీలకివతల

బానెట్ మీద చెయ్యి పెట్టాను.
వానలో కూడా వెచ్చగా ఉంది, ఇప్పుడే ఈనిన గొర్రె పొట్టలా.
తెరిచిన కారు తలుపులోంచి విస్కీ వాసన, తడిసిన కుక్క వాసన,
ఏది ముందు తగిలిందో చెప్పలేను.

వియర్‌డేల్ లోయ, తొంభై ఎనిమిది నవంబరు, రాత్రి పదకొండున్నర.
కింది మలుపులో రాతిగోడ మూడు గజాల మేర కూలింది.
ఆ గోడ మీది నాచు ఈ బంపరుకి అంటుకుని ఉంది.
క్లెమ్ పియర్ట్ తన వాకిట్లో
దేనికీ ఆనుకోకుండా, ఊగుతూ,
ఒక్క మాట మాత్రం తొణక్కుండా అన్నాడు:
"నా నేల మీంచి బయటికి నడు, స్టోబర్ట్."

అంతే.
ఊదించే యంత్రం నా చేతిలోనే ఉండిపోయింది.
ముప్ఫయ్యైదు మైక్రోగ్రాములు దాటితే నేరమని దానికి తెలుసు.
ఎవరి మట్టి మీద నిలబడి అడుగుతున్నానో దానికి తెలీదు.
ఎవరికైనా దెబ్బ తగిలుంటే
ఆ తలుపు తోసుకుని వెళ్ళేదాన్ని.
తగిలింది రాళ్ళకి.
పొమ్మన్నాక ఇంకా నిలబడితే
నేను పోలీసుని కాను,
పిలవని పేరంటానికి వచ్చినదాన్ని.

వెనక్కి నడిచాను.
వాకిలి చివర, పశువులు దాటకుండా పరిచిన ఇనుప కమ్మీలు.
కాలు ఇరుక్కుంటుందని గొర్రె అక్కడ ఆగిపోతుంది.
నేను దాటాను, ఒక్కొక్క కమ్మీ చూసుకుంటూ,
అందరిదీ అయిన తారు మీదికి.

ఎనభై నాలుగు సమ్మెలో నాకు పదేళ్ళు.
పారిపోతున్న గనివాళ్ళని తరుముతూ
పోలీసులు మా వంటింట్లోంచే వెళ్ళారు,
వీధి తలుపులోంచి వచ్చి పెరటి తలుపులోంచి.
"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అంది అమ్మ,
చేతుల నిండా పిండితో.
జవాబు బూట్లే చెప్పాయి.
లినోలియం మీద ఏడు అడుగులు.
మూడు రోజులు తుడవలేదు అమ్మ.
వాటి చుట్టూ తిరుగుతూ వండింది.
నేను పోలీసులో చేరిన రోజున
తిట్టలేదు, దీవించలేదు.
బూట్లు గుమ్మం బయటే విప్పించింది.
అదే అలవాటైపోయింది.

రాత్రంతా కారులో కూర్చున్నాను.
అతని నెత్తురులో గంట గంటకీ సాక్ష్యం పలచబడుతోంది.
పైగది కిటికీలో దీపం ఆరలేదు.
అతనూ గంటలు లెక్కపెడుతున్నాడేమో,
లేక బూట్లతోనే నిద్రపోయాడేమో.

ఏడింటికి అతనే వచ్చాడు, కాలినడకన,
సుత్తీ, గోడకి పట్టే తాడూ పట్టుకుని.
కమ్మీలు దాటగానే అడిగాను.
ఏమీ అనకుండా ఊదాడు.
ఎర్ర దీపం వెలగలేదు.
అది పొద్దుటి ఊపిరి.
రాత్రిది రాత్రే పోయింది.
"సరిపోయిందా?" అన్నాడు,
గెలిచినవాడి గొంతు కాదు అది.

హంబుల్ వాళ్ళ చిన్నపిల్ల
స్కూలు బస్సు కోసం రోజూ ఆ గోడ మీదే కూర్చుంటుంది.
కూర్చోడానికి గోడ లేక
ఆవేళ నిలబడింది, జారిపోయే మేజోడు లాక్కుంటూ.
క్లెమ్ చేతిలో రాయి చాలాసేపు చేతిలోనే ఉంది.
బస్సు వెళ్ళాక పెట్టాడు. సరిగా కూర్చోలేదు. తీసి మళ్ళీ పెట్టాడు.
నేను పుస్తకంలో 'శాంపిల్ లేదు' అని రాసి
టైము వేశాను.

ఆ గీతని తర్వాత కొంచెం లోపలికి జరిపారట చట్టంలో.
అప్పటికి నేను యూనిఫాం విప్పేశాను.

ఆ పొద్దున అమ్మ గుమ్మంలో కూర్చుని
జరిగింది చెప్పాను, ఒక బూటు విప్పి, రెండోది విప్పుతూ.
"పొమ్మనగానే వచ్చేశావా?"
"వచ్చేశాను."
అమ్మ ముఖం ఒక్క క్షణం
నేనెప్పుడూ చూడనంత మెత్తగా అయింది.
లోపలికి వెళ్ళబోయి ఆగింది.
"మరి ఆ పిల్ల?"

తడిసిన లేసు బిగుసుకుపోయింది.
ఆ ముడి ఎంతకీ రాలేదు.