చేతికి తెలిసినంత

పొద్దంతా ఎనుమాముల యార్డుల
పత్తి బస్తాలకు మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి
తేమ ఎంతో చెప్పుడు నా కొలువు.
ఇరవై రెండేండ్ల సంది.
నేను ఎనిమిది అంటే ఎనిమిదే.
సేటు పట్నం నుంచి మిషన్ తెప్పించి చూసినా
అర పాయింటు అటో ఇటో.

సాయంత్రం అదే చెయ్యి,
వెంట్రుకలకు ఇంకా దూది పోగులతోటి,
చౌరస్తా కాడ ఖలీల్ భాయ్ దుకాణంల
వెండిరంగు ప్యాకెట్ల మీద పడ్తది.
లోపల ఏ బొమ్మ ఉన్నదో బయట రాయరు,
పన్నెండు మందిల ఎవరో ఒకరు.
కండ్లు మూసుకొని ఒత్తుత.
గుండ్రటి తలకాయ, ఇవి కాళ్ళు,
ఇదేందో పళ్ళెం లెక్క తగులుతాంది, అంటే రొట్టెలాయన.
సన్నగ, పొడుగ్గ, కొసకు వంపు:
గాలం. చేపలు పట్టేటామె.
"పిండకుండ్రి సారూ, మామిడిపండ్లు కావవి"
అంటడు ఖలీల్ భాయ్,
అనుకుంటనే ఇంకో డబ్బా ముందటికి జరుపుతడు.

నలభై ఆరేండ్లోనికి ఇదేం రోగమని
స్వరూప అడిగింది మొదట్ల.
ఒక్క ప్యాకెట్ ధర చెప్తే
రెండు కిలోల కందిపప్పు లెక్కగట్టింది.
అప్పటి సంది బిల్లులు స్కూటర్ కాడనే చింపుతున్న.
బొమ్మలు మాత్రం టీవీ కింది అరలనే,
దాచలె. దాస్తే తప్పు చేసినట్టయితది.
దుమ్ము దులిపేటప్పుడు ఆమే
చేపలామెను రొట్టెలాయన పక్కకు మార్చింది.
ఎందుకని అడగలె.

పరకాలల మా బడి ముందట లచ్చవ్వ
అట్టకు అతికించిన చీటీలు అమ్మేది,
పావలాకు ఒకటి చింపాలె.
సీసాల పక్కన నీలం కారు, పెద్ద బహుమతి.
నాకెప్పుడూ ఉంగరమే, లేకుంటే పిప్పరమెంటు.
కారు నంబరు చీటీ ఆ అట్ట మీద లేనే లేదని
అట్ట అయిపోయినంక గాని తెల్వలె.
కోపం రాలె మరి.
చింపే ముందటి ఆ గడియ ఉంటది చూడు,
దాంట్ల మాత్రం లచ్చవ్వ ఎన్నడూ మోసం చెయ్యలె.

నా కాడ పోస్టుమాన్లు నలుగురు.
ఎంజీఎంల నర్సు సలోమి, నైట్ డ్యూటీ దిగి
ఆదివారం హన్మకొండకు వస్తది, చాయ్ హోటలుకు.
సాసర్ల పక్కన మందిని నిలబెట్టి
పోస్టుమానుకు మాంత్రికుడు,
మాంత్రికునికి ఇద్దరు రొట్టెలోళ్ళు అని
యార్డుల కన్న గట్టిగ బేరమాడుతం.
చాయ్ పోరడు నవ్వుతడు. నవ్వనీ.
ఇద్దరికీ దొరకంది ఒక్కతే,
తేనెటీగలామె. వెడల్పు టోపీ, జాలీ ముసుగు,
చేతిల పొగడబ్బా.
ప్యాకెట్లల వచ్చే కాగితం మీద
ఆమె ఒక్కదానికే పెన్ను గీత పడలె.

పోయిన కార్తీకంల యార్డుకు మిషన్లు వచ్చినయి.
బస్తాల ముల్లు గుచ్చుతరు, అంకె మెరుస్తది.
నన్ను గేటు కాడ చీటీలు రాయమన్నరు.
అదే నెల ఖలీల్ భాయ్ కాడ కొత్త వరుస,
ప్యాకెట్లు కావు, గట్టి అట్టడబ్బాలు.
ఒత్తితే ఏమీ చెప్పవు.
ఊపి చూసిన, చెవికి పెట్టిన,
అన్నీ ఒక్క తీరుగనే గలగల.
చెయ్యి ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక
జేబుల పెట్టుకున్న.

నా మొకం చూసిండేమో
గల్లాపెట్టె కింద నుంచి ఖలీల్ భాయ్
పాతది ఒక్కటి తీసిండు, మూలకు నలిగింది.
"ఇగ ఇదే ఆఖరు. పైసలద్దు సారూ."
కండ్లు మూసుకున్న.
తలకాయ మీద వెడల్పుగ అంచు.
చిన్న డబ్బా, దానికో ముక్కు.
వేలు అక్కడ్నే ఆగింది.

చింపలె.
పదకొండు మంది పక్కన నిలబెట్టిన,
మూసింది మూసినట్టే.
సలోమి కస్సుమన్నది, చింపకుంటే గీత కొట్టనియ్యనన్నది.
స్వరూప దుమ్ము దులిపినప్పుడల్లా దాన్ని లేపి
రెండు వేళ్ళతోటి ఒత్తి, మళ్ళ పెడ్తది.
నిన్న రాత్రి, లైటు బంద్ చేసుకుంట అన్నది:
"గది టోపీయేనా?
నాకు పళ్ళెం లెక్క తగిలింది."